రిమార్కుల గడిలో ఎర్ర సిరా

...అదే లిఖితా, నువ్వడిగి నాలుగు రోజులైపోయింది, ఏమీ అనుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఒకసారి గ్యాస్ బండ వచ్చింది, ఇంకోసారి నాకే ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలియలేదు. టైపు చెయ్యడం నా వల్ల కాదని నీకు తెలుసుగా, అందుకే ఇలా వాయిస్‌లో పంపుతున్నా. కొంచెం పొడుగవుతుంది. కూరలు తరుక్కుంటూ వినెయ్.

నీ సంగతి నాకు అర్థమైంది. మీ మెడికల్ కాలేజీ థీసిస్‌లన్నీ స్కాన్ చేయించారు, లైబ్రరీ కేటలాగ్‌లో కలిపారు. ఇప్పుడు వాటిని ఎవరు పడితే వాళ్లు తెరిచి చదువుకునేలా వదిలెయ్యాలా, పాస్‌వర్డ్ పెట్టి కాలేజీ వాళ్ల వరకే ఉంచాలా అని రేపు కమిటీ. లైబ్రేరియన్‌గా నువ్వు రాసివ్వాలి. ప్రొఫెసర్ గారేమో ఓపెన్ యాక్సెస్ అంటే కాపీ కొట్టమని పిలిచినట్టే అంటున్నారు. నువ్వేమో "అక్కా, మీరైతే ఏం చేస్తారు" అన్నావు.

నేనైతే ఏం చేశానో చెప్తా విను. ఏం చెయ్యాలో తర్వాత నువ్వే చూసుకో.

తొంభై ఆరు సంగతి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. గోదావరి వైపు ఒక మెడికల్ కాలేజీ, పేరెందుకులే. చీఫ్ లైబ్రేరియన్ దేవసహాయం మాస్టారు. నాకు పని నేర్పింది ఆయనే. నేర్పడం అంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు. ఆయన మాట్లాడితే వినడానికి ముందుకు వంగాల్సొచ్చేది, అంత నెమ్మది. ఎక్కువగా ఏదో ఒకటి చేసి చూపించేసి, మన మొహం కూడా చూడకుండా వెళ్లిపోయేవారు. మనం ఆ రాత్రంతా కొట్టుకోవాలి.

నేను చేరినప్పుడు థీసిస్‌లు బయటి అరల్లోనే ఉండేవి. పీజీ స్టూడెంట్లు వాటి మీద పడిపోయేవాళ్లు. ఒకరోజు చూస్తే ఒకదాంట్లో ఎనిమిది పేజీలు బ్లేడుతో కోసి ఉన్నాయి. నేను ఏడ్చినంత పని చేసి మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన చూసి "ఏ పేజీలు?" అన్నారు.

అంతే. ఎవరు కోశారని అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

సరే, నేనే పూనుకున్నాను. ఒక గోద్రెజ్ బీరువా సంపాదించి నూట ముప్పై తొమ్మిది థీసిస్‌లూ అందులో పెట్టేశాను. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం పెట్టిన లెటర్ ఉంటే తప్ప ఇచ్చేది లేదని రూలు రాసి, ప్రిన్సిపాల్ గారితో సంతకం చేయించి గోడకి అంటించాను. తాళం నా కొంగున ఉండేది, అత్తగారిలా.

ఇంకొకటి కూడా చేశాను. అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. నువ్వు కార్డు కేటలాగ్ చూడలేదు కదా. చిన్న చిన్న సొరుగులు, ఒక్కో పుస్తకానికి ఒక్కో అట్టముక్క కార్డు, అడుగున చిల్లు, ఆ చిల్లుల్లోంచి ఇత్తడి రాడ్ దూర్చి ఉంటుంది, ఎవరూ కార్డు లాక్కుపోకుండా. ఏ పుస్తకం ఉందో తెలియాలంటే జనం వెతికేది అందులోనే. నేను ఆ రాడ్లు లాగి థీసిస్ కార్డులన్నీ ఏరేసి నా టేబుల్ సొరుగులో పడేసుకున్నాను. ఎందుకంటావా? కార్డు కనిపిస్తే వచ్చి అడుగుతారు, అడిగితే లేదనాలి, ఆ గొడవంతా ఎందుకని.

మూడేళ్లూ స్టాక్ వెరిఫికేషన్‌లో థీసిస్ సెక్షన్‌లో ఒక్కటీ పోలేదు. సున్నా. ఆడిట్ పెద్దమనిషి "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని పక్క సెక్షన్ల వాళ్లని దులిపాడు కూడా. ఆ సున్నా చూసుకుని నేను ఎంత మురిసిపోయేదాన్నో. మాస్టారితో చెబితే "మంచిదమ్మా" అన్నారు. ఇంకేమైనా అంటారేమోనని నిలబడ్డాను. అనలేదు.

ఆ వేసవిలో ఒక మంగళవారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నేను క్యారేజీ విప్పబోతుంటే ఫణీంద్ర అని మెడిసిన్‌లో పీజీ చేసే డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. చొక్కా అంతా చెమట. నన్ను అడగలేదు, తిన్నగా కార్డుల సొరుగుల దగ్గరికెళ్లి ఒక్కోటీ లాగుతున్నాడు. విషాలు. ఆకులు. మొక్కలు. గుండె. లాగుతున్నాడు, మూస్తున్నాడు. నేను అన్నం తింటూ చూస్తున్నా.

పావుగంటైనా అతను అక్కణ్ణుంచి కదల్లేదు. అప్పుడొచ్చాడు నా దగ్గరికి.

"మేడమ్, ఏజెన్సీలో ఒక ఆకు రసం తాగిన కేసుల మీద మన కాలేజీలోనే ఎవరో పనిచేశారని విన్నాను. ఎంత వెతికినా కార్డు లేదు. అసలు ఉందా?"

ఆ ఆకు పేరు కూడా చెప్పను లిఖితా, అవన్నీ ఫోన్లో చెప్పుకునేవి కావు.

"ఉంది," అన్నాను. గర్వంగానే అన్నాను. నూట ముప్పై తొమ్మిదీ నాకు నోటికొచ్చు. "థీసిస్. బీరువాలో ఉంది. మీ హెడ్ గారి లెటర్ తెండి."

"సారు ఎగ్జామినర్‌గా హైదరాబాద్ వెళ్లారు మేడమ్. శుక్రవారం గానీ రారు."

"అయితే శుక్రవారమే."

మా అటెండర్ అప్పన్న నవ్వాడు. "ఆ బీరువా తియ్యాలంటే ముహూర్తం పెట్టించాలి డాక్టరుగారండీ."

ఫణీంద్ర నవ్వలేదు. రెండు చేతులూ నా టేబుల్ మీద ఆనించి మొత్తం చెప్పాడు. కొండ మీద ఒక చిన్న ఆస్పత్రి, ఒక్కడే డాక్టరు. నిన్న పొద్దున సింగారమ్మ అని ఇరవై రెండేళ్ల పిల్లని మోసుకొచ్చారు. కడుపునొప్పికి ఎవరో చెబితే ఆ ఆకు నూరి తాగింది. వాంతులు ఆగిపోయాయి, ఇవాళ లేచి కూర్చుంది, జావ తాగింది, నడుస్తోంది. ఇంటి దగ్గర పాలు తాగే పసిబిడ్డ. మొగుడు మూట కట్టేసి నిలబడ్డాడు. వాళ్ల ఊరికి రెండింటికి బస్సు, అది పోతే మళ్లీ ఎల్లుండే.

"మరి బాగానే ఉందిగా?" అన్నాను.

"అదే మేడమ్! అక్కడి కాంపౌండర్ అంటున్నాడట, ఈ ఆకు తాగినవాళ్లు ఇలాగే లేచి ఇంటికెళ్తారు, మూడో రోజు ఉన్నట్టుండి పడిపోతారని. నిజమో కాదో ఆ డాక్టరుకి తెలీదు. నాకూ తెలీదు. పైనున్న పెద్ద పెద్ద పుస్తకాలన్నీ చూశాను, ఇంగ్లండు వాళ్ల పుస్తకాల్లో మన కొండల్లో ఆకు ఎందుకుంటుంది? నడుస్తున్న మనిషిని ఏం చెప్పి ఆపాలి? ఆపితే ఏం చూడాలి, ఏం ఎక్కించాలి? ఒంటిగంటా నలభైకి ఇక్కడికే, మీ ఫోన్‌కే చేస్తానన్నాడు."

గోడ గడియారం చూశాను. ఒకటీ ముప్పై మూడు.

నిజం చెప్తున్నా లిఖితా, నా చెయ్యి కొంగు మీదికెళ్లింది. తాళం పట్టుకున్నాను కూడా. కానీ ఆ రూలు రాసింది నేను. ఇవాళ ఇతనికి ఇస్తే రేపు ఇంకొకడు వచ్చి ఇంకో కథ చెప్తాడు. పోయినసారి బ్లేడు పెట్టినవాడు కూడా పైకి ఎంత మర్యాదగా ఉండి ఉంటాడో. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"రూలు రూలే డాక్టరుగారూ."

అప్పుడు వెనకాల చెప్పుల చప్పుడైంది. మాస్టారు. ఎప్పట్నుంచి వింటున్నారో తెలియదు. తిన్నగా వెళ్లి ఒక సొరుగు లాగి వేళ్లతో కార్డులు తిరగేశారు.

"థీసిస్ కార్డులేవమ్మా?"

"నా సొరుగులో ఉన్నాయండి. కనిపిస్తే అడుగుతారు కదండీ."

ఆయన సొరుగు మూశారు. 

నాకు భయం వేసింది. "మాస్టారూ, మీరు ఇమ్మంటే ఇచ్చేస్తానండి. మీరొక్క మాట చెప్పండి చాలు."

"నేనెందుకు చెప్పడం? బీరువా నీది." అని కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "యాక్సెషన్ రిజిస్టర్ ఇలా ఇవ్వు."

యాక్సెషన్ రిజిస్టర్ అంటే తెలుసుగా, లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక వరస. నంబరు, పేరు, రాసినవాళ్లు, చివర్న రిమార్కుల గడి. నా రిజిస్టర్‌లో ఆ గడి పై నుంచి కింద దాకా తెల్లగా ఉండేది. పుస్తకం కనపడకుండా పోతేనే అందులో ఏదైనా రాసేది. ఒకసారి రాశాక కొట్టెయ్యడానికి లేదు, దిద్దడానికి లేదు. పైనుంచి వచ్చినవాళ్లు ముందు చూసేది ఆ గడే.

"నంబరు?" అన్నారు.

"ఏడువందల పదహారండి."

పేజీ తీశారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, క్యాప్ విప్పి, నిదానంగా, ఆ గుండ్రటి అక్షరాలతో రాశారు. "కనబడుట లేదు." కింద తేదీ వేసి పొట్టి సంతకం పెట్టారు.

మొత్తం అర నిమిషం పట్టుంటుంది. 

"మాస్టారూ! అదేంటండీ! పుస్తకం ఉంది! బీరువాలో ఉంది, తాళం నా దగ్గరే ఉంది!"

ఆయన తల ఎత్తలేదు. "ఈ డాక్టరుగారు పావుగంట వెతికారు. కనబడలేదు." వేలు కింద వరస మీదికి జరిపారు. పెన్ను ఎత్తి పట్టుకున్నారు. "బీరువాలో దీని పక్కదాని నంబరు చెప్పమ్మా."

నేను రిజిస్టర్ అంచు పట్టుకున్నాను.

"చెప్పు. నీకన్నీ నోటికొచ్చుగా."

ఫోన్ మోగింది.

ఫణీంద్ర రిసీవర్ ఎత్తి "ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం" అంటున్నాడు, నావైపే చూస్తూ. అప్పన్న నవ్వడం మానేసి ఎప్పుడు లేచి నిలబడ్డాడో. నేను బీరువా దగ్గరికి ఎలా వెళ్లానో గుర్తు లేదు. తాళం ఒకసారి జారి కింద పడింది. అది మాత్రం గుర్తుంది. అప్పన్న తీసి నా చేతిలో పెట్టాడు.

థీసిస్ తెరిస్తే పట్టుబట్ట మడత విప్పినట్టు చప్పుడైంది. లైబ్రరీకి వచ్చిన ఎనిమిదేళ్లలో దాన్ని ఎవరూ విప్పలేదు. వెనకాల తేదీలు వేసే కాగితం అంటించింది అంటించినట్టే ఉంది. పేజీలు నిలవట్లేదు, మూసుకుపోతున్నాయి. నేను రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను, ఫణీంద్ర భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని వేలు పెట్టి చదువుతున్నాడు.

ఎవరో పిల్లాడు, అంటే అప్పటికి పీజీయే, రెండేళ్లు ఆ కొండల్లో కూర్చుని నలభై ఆరు కేసులు రాశాడు. పేరు, ఊరు, ఏ రోజు తాగింది, ఏ రోజు ఏమైంది. వాంతులు ఆగి, మనిషి లేచి తిరగడం చూసి మోసపోవద్దన్నాడు. లోపల రక్తంలో పొటాషియం పడిపోతూ ఉంటుంది, ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది, మూడో రోజుకి గుండె లయ తప్పుతుంది. ఇంటికి పంపించేసినవాళ్లు ఇంతమంది, వాళ్లలో బతికినవాళ్లు ఇంతమంది అని ఒక పట్టీ వేశాడు. ఆ పట్టీ దగ్గర ఫణీంద్ర వేలు ఆగిపోయింది. నేను తలకిందులుగానే చదివాను ఆ అంకెలు. చెప్పను.

"పంపొద్దు సార్," అన్నాడు ఫోన్లో. "పంపొద్దు. నడుస్తున్నా సరే."

అటు నుంచి ఏదో అన్నారు. ఫణీంద్ర మావైపు తిరిగి, "బస్సు దగ్గరికి వెళ్లిపోయారట. ఆయనే పరిగెత్తారు" అన్నాడు.

రిసీవర్ అటువైపు టేబుల్ మీద పెట్టేసినట్టున్నారు. ఫణీంద్ర మాకు కూడా వినపడేలా చెవికి దూరంగా పట్టుకున్నాడు. ఏదో బోరింగు కొడుతున్న చప్పుడు. ఒక కోడి. ఎవరో దగ్గుతున్నారు. మా గడియారంలో ఒకటీ యాభై ఎనిమిది. తర్వాత దూరంగా బస్సు హారన్, రెండుసార్లు. ఇంజన్ చప్పుడు పెద్దదై, చిన్నదై, పోయింది.

మాస్టారు కళ్లు మూసుకున్నారు.

ఎంతసేపో. మళ్లీ ఎవరో రిసీవర్ ఎత్తారు. డాక్టరు కాదు, కాంపౌండర్.

"హలో, బస్సెల్లిపోయిందండి."

"ఆవిడ?" ఫణీంద్ర అరిచాడు.

"ఆవిడిక్కడే ఉందండి. డాక్టరుగారు బస్సుకడ్డంగా నిలబడ్డారండి. మొగుడు బూతులు తిడతన్నాడండి ఆయన్ని."

అప్పన్న కూలబడిపోయాడు నేల మీద. "తిట్టనీ," అన్నాడు, "తిట్టనీ బాబు."

డాక్టరుగారు తిరిగొచ్చి రాసుకుంటుంటే, ఫణీంద్ర ఆ పేజీలన్నీ నిదానంగా ఇంకోసారి చదివి వినిపించాడు, ఏ పూట ఏం పరీక్ష చెయ్యాలో, సెలైన్‌లో ఏం కలపాలో. మర్నాడు తెల్లారుతూనే ఆ పిల్లకి నాడి తడబడిందట. కానీ మంచం మీద ఉంది, పక్కన డాక్టరున్నాడు, ఏం చెయ్యాలో రాసిన కాగితం ఆయన చేతిలో ఉంది. తొమ్మిదో రోజున ఇంటికెళ్లింది. డాక్టరుగారే మళ్లీ ఫోన్ చేసి చెప్పారు. మొగుడు వెళ్లేటప్పుడు ఏమీ అనకుండా ఒక తేనె సీసా బల్ల మీద పెట్టి వెళ్లాడట.

ఆ కబురు విన్నాక నేను రిజిస్టర్ పట్టుకుని మాస్టారి గదికెళ్లాను. నా బుద్ధి చూడు, మనిషి బతికిందని సంతోషం ఒకపక్క, ఆ ఎర్ర సిరా ఇంకోపక్క. తొమ్మిది రోజులుగా రిజిస్టర్ తెరిచినప్పుడల్లా అదే కనపడుతోంది. తెల్లటి గడిలో ఆ ఒక్కటీ.

"మాస్టారూ, ఇది కొట్టెయ్యండి. పుస్తకం ఉందని మీకూ తెలుసు."

"రిజిస్టర్‌లో కొట్టెయ్యకూడదమ్మా. నీకు నేర్పాను."

"మరి?"

పెన్ను నావైపు తోశారు. "కనబడితే కనబడిందని పక్కన రాయి. ఏ రోజు కనబడిందో ఆ తేదీ వెయ్యి."

రాశాను. ఆ మంగళవారం తేదీ వేశాను. "కనబడినది." సంతకం పెట్టాను. గుండె మీంచి బరువు దిగినట్టయింది. సిరా ఆరేదాకా ఊది, రిజిస్టర్ మూసి, వెళ్లొస్తానండీ అని లేచాను.

ఆయన చెయ్యి చాపి రిజిస్టర్ మళ్లీ తెరిచారు. రిమార్కుల గడి మీద, నేను అంత మురిసిపోయిన ఆ తెల్లటి గడి మీద, పై నుంచి కిందికి వేలితో నిదానంగా గీత గీసినట్టు జరిపారు. పేజీ తిప్పారు. అక్కడా జరిపారు. ఇంకో పేజీ.

"మిగతా నూట ముప్పై ఎనిమిదీ ఎప్పుడు కనబడతాయమ్మా?"

 నా టేబుల్ దగ్గరికెళ్లి సొరుగులోంచి కార్డుల కట్ట తీసి, మొదటి రాడ్ లాగి... ఆఁ? ఎవరు? కరెంటు మీటరా? ఆ, వస్తున్నా వస్తున్నా, గేటు తీసే ఉంది, ఒక్క నిమి